మొదటి నల్లజాతి ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు: 1920లోనా, 1946లోనా?

ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్. మీ ప్రాజెక్టు కోసం వెతికితే మీకు రెండు తేదీలు దొరకడానికి కారణం, మధ్యలో లీగ్ నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు మూసేయడమే. టెన్షన్ వద్దు, రెండూ సరైనవే.

1. 1920లో ఫ్రిట్జ్ పొలార్డ్ ఆక్రాన్ ప్రోస్ జట్టుకు ఆడారు, టైటిల్ గెలిచారు. మరో నల్లజాతి ఆటగాడు బాబీ మార్షల్ ఈ లీగ్‌లో ఆడిందీ అదే ఏడాది. లీగ్‌కు ఎన్‌ఎఫ్‌ఎల్ అన్న పేరు 1922లో వచ్చింది.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. 1934 నుంచి 1945 దాకా లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. రాతలో నిషేధం లేదు, అయినా ఏ జట్టూ తీసుకోలేదు. 1939లో యూసీఎల్‌ఏ (లాస్ ఏంజిలిస్‌లోని విశ్వవిద్యాలయం) జట్టులో అదరగొట్టిన కెన్నీ వాషింగ్టన్‌నూ పక్కన పెట్టారు. ఎంత అన్యాయం!

3. 1946లో రామ్స్ జట్టు లాస్ ఏంజిలిస్‌కు వచ్చింది. వాళ్లు ఆడబోయే కొలీజియం ప్రజల సొత్తైన స్టేడియం కాబట్టి నల్లజాతి పాత్రికేయులు గట్టిగా నిలదీశారు. అప్పుడే వాషింగ్టన్‌ను తీసుకున్నారు. మోకాళ్లు దెబ్బతిన్నా 1947లో బంతి పట్టుకుని ఒకే పరుగులో 92 గజాలు దాటారాయన.

ప్రాజెక్టులో పొలార్డ్‌ను 'తొలివారిలో ఒకరు' అనండి, వాషింగ్టన్‌ను 'మూసిన తలుపు మళ్లీ తెరిపించినవారు' అనండి.