కువైట్‌లో ఆచూకీ తెలియని పిన్ని: డిటెక్టివ్‌కి డబ్బు కట్టే ముందు

రాజోలు నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లిన మీ పిన్నిగారి ఫోన్ రెండేళ్లుగా కలవట్లేదని, డిటెక్టివ్‌కి లక్ష కడదామా అని అడిగారు. ఇప్పుడే కట్టకండి. మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్‌లకు ప్రత్యేక లైసెన్సు చట్టం లేదు; 2007లో బిల్లు పెట్టారు గానీ చట్టం కాలేదు. కాల్ రికార్డులు తీయిస్తానంటే అసలు నమ్మొద్దు, ఆ అధికారం పోలీసులది.

ముందు ఇంట్లో బీరువా, ట్రంకుపెట్టె అన్నీ వెతకండి. పాస్‌పోర్ట్ జిరాక్స్, వీసా కాగితం, ఆవిడ డబ్బు పంపినప్పటి రసీదులు, ఏది దొరికినా బంగారమే. వీసా మీద కఫీల్, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న స్పాన్సర్, పేరు ఉంటుంది, అక్కడ వెతకడం ఆ పేరుతోనే మొదలవుతుంది. ఏమీ దొరక్కపోతే అమ్మమ్మగారి బ్యాంకుకి వెళ్లి, డబ్బు కువైట్‌లోని ఏ మనీ ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చేదో అడగండి. పాత వాట్సాప్ ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు చెరిపేయకండి.

తర్వాత మీ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నమోదు చేయండి. అది కువైట్‌లోని మన ఎంబసీకి చేరుతుంది. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకీ చెప్పండి. పంపిన ఏజెంటు పేరు ఫిర్యాదులో తప్పకుండా రాయించండి; ఊరివాడే కదా అని మొహమాటపడొద్దు.

మా ఇంట్లో అరబిక్ చదివేవాళ్లున్నారు. కాగితాల్లో అర్థంకానివి ఉంటే పేర్లు, నంబర్లు కప్పేసి ఇక్కడ పెట్టండి, చదివించి చెబుతాను.