చర్మపు వేడిని కొలిచే కెమెరా కోసం ఫిజియోథెరపీ వదులుకోవాలా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఫిజియోథెరపీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. బీచ్ రోడ్డులో జరిగే పరుగులకు వెళ్లి వెళ్లి, దూరం పరిగెత్తేవారి చర్మ ఉష్ణోగ్రతను థర్మల్ కెమెరాతో కొలిచే పరిశోధన చేస్తానంటోంది. పరిగెత్తేవాళ్ల ఫోటోలు తీయడం కూడా ఒక చదువేనా అని బంధువులు నవ్వుతున్నారు. ఎం.పి.టి. (ఫిజియోథెరపీలో పీజీ) మేలా, వ్యాయామ శరీరధర్మ శాస్త్రంలో ఎం.ఎస్సీ. మేలా? ముందుగా థర్మల్ ఇమేజింగ్ సర్టిఫికెట్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: ఇటువంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. కోర్సు పేరు ఏదైనా, తండ్రులు అడగదలచుకున్నది పిల్ల తన కాళ్ల మీద తాను నిలబడుతుందా అన్నదే. ప్రవేశ పరీక్షల సంగతులు మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను.

ముందు ఆ కెమెరా మీద నాకున్న అనుమానాలు చెబుతాను. రంగుల బొమ్మలో ఎర్రగా కనిపించిన చోట కండరం ఎక్కువ పని చేస్తోందని చాలామంది అనుకుంటారు. నిజానికి పరుగు మొదలైన తొలి నిమిషాల్లో రక్తం కండరాల వైపు మళ్లి, చర్మంలోని రక్తనాళాలు కుంచించుకుపోవడం వల్ల చర్మ ఉష్ణోగ్రత తరచూ తగ్గుతుంది. తరువాత లోపలి వేడిని బయటికి పంపడానికి అవే నాళాలు విచ్చుకుంటాయి. ఈలోగా చెమట పట్టి, ఆవిరవుతూ చర్మాన్ని మళ్లీ చల్లబరుస్తుంది. చెమట పొర కప్పిన చోట కెమెరాకు కనిపించేది ఆ పొర పైభాగమే. విశాఖ ఉక్కపోతలో చెమట సరిగా ఆవిరి కాక కారిపోతుంది కనుక, చల్లని పొడి గదిలో తీసిన అంకెలను బీచ్ రోడ్డుకు అన్వయించలేము. వడదెబ్బ ప్రమాదాన్ని అంచనా వేయడానికి కావలసింది శరీరాంతర్గత ఉష్ణోగ్రత. దానిని ఈ కెమెరా చూడలేదు. పైగా 0.1 డిగ్రీ కంటే చిన్న తేడాను కూడా పసిగట్టే కెమెరాలలోనే అసలు విలువ 2 డిగ్రీల వరకు అటూ ఇటూ కావచ్చని తయారీదారులే రాస్తారు, మనం వెతికే మార్పు చాలాసార్లు అంతకు మించదు.

అలాగని కెమెరా పనికిరానిదని కాదు. చర్మానికి అంటించిన సెన్సర్, దాని టేపు ఆ చోట చెమటను ఆరనివ్వక, కొలవవలసిన వేడినే మార్చేస్తాయి. కెమెరాకు ఆ చిక్కు లేదు. ఛాతీ, చేయి, తొడ, పిక్కల కొలతలకు వరుసగా 0.3, 0.3, 0.2, 0.2 వంతుల ప్రాధాన్యమిచ్చి సగటు చర్మ ఉష్ణోగ్రతను లెక్కగట్టే పద్ధతిని రామనాథన్ అనే పరిశోధకుడు 1964లో ప్రచురించారు. ఆ నాలుగు చోట్లే ఎందుకో అర్థమైన అమ్మాయికి కెమెరా నడపడం పెద్ద పని కాదు. సర్టిఫికెట్ కోర్సులు చాలావరకు విద్యుత్ ప్యానెళ్ల, ఫర్నేసు గోడల తనిఖీ కోసం తయారైనవి. ఉక్కు కర్మాగారం పక్కనే ఉంటున్న మీకు ఆ సంగతి నేను చెప్పనక్కరలేదేమో. దానికి డబ్బు కట్టకండి.

మీరు అడిగిన పోలిక విషయానికి వస్తే, ఎం.పి.టి. ఆసుపత్రికి, క్లినిక్‌కు, బోధనకు దారి తీస్తుంది, ఎం.ఎస్సీ. చేస్తే ఆ తరువాత పిహెచ్.డి. కూడా చేయవలసి రావచ్చు, మన దగ్గర ఆ ఉద్యోగాలు తక్కువ. క్రీడా విభాగంలో ఎం.పి.టి. తీసుకుని, థీసిస్‌కు ఈ అంశాన్నే ఎంచుకుంటే రెండూ నెరవేరతాయి. ఒకవేళ ఎం.ఎస్సీ.కే వెళ్లినా భయపడవలసింది లేదు, ఫిజియోథెరపీ డిగ్రీ ఆమె చేతిలోనే ఉంటుంది.

ఒక్క మాట కటువుగా చెబుతున్నాను, మన్నించండి. బంధువుల నవ్వు మీ ఉత్తరంలో ఉంది గానీ, అమ్మాయి ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతోందో ఎక్కడా లేదు. ఆమెను అడిగారా? నాలుగేళ్లు శరీర శాస్త్రాలు చదివిన పిల్ల పనిని ఫోటోలు తీయడమని ఎవరో అంటే, కాదని చెప్పవలసినది మీరే. వచ్చే ఆదివారం ఆమెతో పాటు తెల్లవారుజామున బీచ్ రోడ్డుకు వెళ్లి, ఏమి కొలవాలనుకుంటోందో అక్కడే చెప్పమనండి. ఎం.పి.టి. దరఖాస్తు సంగతి ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.