యుద్ధం టైములో సారా వేలం పాటలు ఎందుకు ఆగలేదు?

ప్రశ్న: మా తాత కందుకూరు పక్కన ఒక ఊళ్ళో కల్లు దుకాణం పాడుకునేవాడంట, ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న మా అమ్మాయి ఏదో చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో బయట దేశాల్లో మందుని వేలంలో అమ్మడం మీద గవర్నమెంట్లు ఆంక్షలు పెట్టాయి కదా, మరి తాత అదే టైములో పాట ఎట్టా పాడాడు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా తాత చేసింది దొంగ వ్యాపారమా?
- ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: దొంగ వ్యాపారం కాదమ్మా, అప్పటి చట్టం ప్రకారం అది లైసెన్సు ఉన్న వ్యాపారమే, ముందు ఆ దిగులు వదిలేయండి. తికమక ఎక్కడొచ్చిందంటే వేలం అనే మాట ఒకటే గానీ మీ అమ్మాయి చదివిన వేలం వేరు, మీ తాత పాడిన పాట వేరు. అక్కడ వేలం వేసేది సరుకుని, అంటే సీసాలు, పీపాలు. మన కాడ వేలం వేసింది ఫలానా ఊళ్ళో సంవత్సరం పాటు అమ్ముకునే హక్కుని, వేసింది కూడా గవర్నమెంటే. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం, అంటే కల్లు, సారా అమ్మకాల చట్టం కింద సర్కారు ఆఫీసరు దుకాణం పేరు చదివితే పాటదారులు పాడేవాళ్ళు, ఎవరిది పైపాట అయితే దుకాణం వాళ్ళది, కిస్తీలు టయానికి కట్టుకోవాలి, కల్లుకైతే గీసే చెట్లకి చెట్టు పన్ను వేరే, సారాకైతే సరుకు మీద సుంకం వేరే.

ఇంక సరుకు వేలం మీద ఆంక్షలు ఎందుకంటే, మీరు కందుకూరులోనే ఉండారు కాబట్టి పొగాకు వేలం వేసే ప్లాట్‌ఫాం గుర్తు తెచ్చుకోండి. మంచి గ్రేడు బేళ్ళు తక్కువ వచ్చి కొనేవాళ్ళు ఎక్కువైన రోజు రేటు ఎట్టా పైకి పోతుందో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. యుద్ధంలో విస్కీకి అదే జరిగింది. అమెరికాలో 1942 చివరికి డిస్టిలరీలన్నీ తాగే మందు కాయడం ఆపేసి తుపాకి మందుకి, సింథటిక్ రబ్బరుకి కావాల్సిన ఆల్కహాలు కాసే పనిలో పడ్డాయి, రబ్బరు ఎందుకంటే రబ్బరు తోటలున్న మలయా జపాను చేతికి పోయింది కదా. మళ్ళీ 1944 ఆగస్టులో గానీ ఒక నెల పాటు తాగే మందు కాసుకోనివ్వలేదు. అంటే ఉన్నది పాత స్టాకే, కొత్తది రాదు. ఇట్టాంటప్పుడు సర్కారు సీసాకి ఇంత అని రేటు కట్టేస్తే, షాపువాడు ఆ రేటుకి అమ్మకుండా అదే సీసాని వేలంలో పెట్టాడనుకోండి, కట్టిన రేటుకి అర్థమేముంది? వేలానికి పై హద్దు ఉండదు. రేట్లు కంట్రోలు చేసే గవర్నమెంటు ఎప్పుడైనా వేలం మీద కన్నేయక తప్పదు, ఒక్క మందుకే కాదు, కరువులో ఉన్న ఏ సరుకుకైనా ఇదే లెక్క.

యుద్ధం పేరుతో మందుని కట్టడి చేయడం అప్పటికి కొత్తేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలోనే ఇంగ్లండు ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జి 1915లో మనం జర్మనీతో, ఆస్ట్రియాతో, తాగుడుతో పోరాడుతున్నాం, మూడింట్లో పెద్ద శత్రువు తాగుడే అన్న అర్థంలో మాట్లాడాడు, ఆ తర్వాత పబ్బులు తెరిచే గంటలు కోసేశారు, 1916లో కార్లైల్ ప్రాంతంలో పబ్బుల్నీ బీరు ఫ్యాక్టరీల్నీ సర్కారే కొనేసింది. రష్యా అయితే 1914లోనే వోడ్కా ఆపేసింది, ఖజానాకి వచ్చే దాంట్లో నాలుగో వంతు దాని మీదే వస్తున్నా సరే.

మరి అదే ఇంగ్లీషోళ్ళు మన కాడికి వచ్చేసరికి ఏం చేశారో చూడండి. 1937 అక్టోబరు 1న మద్రాసులో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది, తర్వాత చిత్తూరు, కడప, ఉత్తర ఆర్కాటు కూడా కలిశాయి, పోయిన ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. నెల్లూరు జిల్లా దాకా అది రాలేదు, అప్పుడు మీ కందుకూరు కూడా నెల్లూరు జిల్లానే కదా, అందుకే మీ తాతకి పాటలు ఉండాయి. ఈలోపు యుద్ధం వచ్చింది, మమ్మల్ని అడక్కుండా మా దేశాన్ని యుద్ధంలోకి లాగారని 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది, గవర్నరు, సలహాదారులు కూర్చున్నారు. వాళ్ళు నిషేధాన్ని పెంచలేదు సరికదా 1943లో చట్టం చేసి ఉన్న నాలుగు జిల్లాల్లో కూడా పక్కన పెట్టేశారు. అంటే వాళ్ళ దేశంలో మొదటి యుద్ధం పేరు చెప్పి తాగుడు తగ్గించారు, ఇక్కడ రెండో యుద్ధం నడుస్తుంటే మూసిన దుకాణాలు తెరిచారు. బర్మా బియ్యం ఆగిపోయి జనం రేషను కోసం లైన్లో నిలబడిన రోజులవి. నాకు ఇది చదివినప్పుడల్లా కడుపు మండుతుంది. ఆబ్కారీ ఆదాయం మద్రాసు ఖజానాకి అంత ముఖ్యం, పెద్ద రాబడుల్లో అదొకటి, ఆ రాబడికి పాట ఒక ముఖ్యమైన దారి. మీ అమ్మాయికి ఇట్టా చెప్పండి, తాత తప్పేం చేయలేదు, పాట పెట్టినవాళ్ళనే అడగాలి అని.

ప్రశ్న: ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం కల్లు వల్లే పడిపోయిందని మా ఊళ్ళో పెద్దాయన అంటాడు, నిజమేనా?
- ఒక పాఠకుడు, టంగుటూరు

జవాబు: చాలావరకు నిజమే. యుద్ధంలో ఆపేసిన నిషేధాన్ని 1946 అక్టోబరు 1న ఎనిమిది జిల్లాల్లో మళ్ళీ మొదలుపెట్టింది పంతులుగారి మంత్రివర్గమే, 1948కి రాష్ట్రమంతా వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపడ్డాక ముఖ్యమంత్రి అయిన ఆయన నెత్తినే ఆ నిషేధం పడింది. గీత కార్మికులకి బతుకుతెరువు పోయింది, వాళ్ళు ఊరికే కూర్చోలేదు, నిషేధం ఎత్తేయమని గొడవలు, అరెస్టులు, నిషేధం సంగతి చూడమని ప్రభుత్వమే వేసిన రామమూర్తి కమిటీ కూడా ఎత్తేయమనే చెప్పింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటుతో నెగ్గింది, ప్రభుత్వం పోయింది. పంతులుగారి పట్టుదల మీద నాకు గౌరవం ఉంది గానీ చెట్టు ఎక్కి బతికే మనిషికి ముందు వేరే పని చూపించకుండా చెట్టు దిగమనడం మాత్రం అన్యాయమే, ఆ మాట కూడా రాయాలి.

ప్రశ్న: అయితే మన జిల్లాలో పాటలు నిజంగా ఆగింది ఎప్పుడు?
- ఒక పాఠకురాలు, కలిగిరి

జవాబు: కలిగిరి నుంచి మీరే అడిగితే ఏం చెప్పేదమ్మా, సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంట మీ మండలమే కదా! నిషేధం ఎత్తేశాక పాటలు మళ్ళీ వచ్చాయి, 1980ల్లో వారుణి వాహిని అనే సర్కారు పథకం పేరుతో సారా పాకెట్లు ఊరి మధ్యకే వచ్చేశాయి. 1990ల మొదట్లో పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పే అక్షర దీపం చదువులు మొదలైనాక రాత్రి బళ్ళో సీతమ్మ కథ అనే పాఠం చదివిన ఆడవాళ్ళు, ఇది మన కథే కదా అనుకుని, వర్ధినేని రోశమ్మ ముందు నిలబడితే, దుకాణం మీదికి పోయారు. 1992లో నేను చిన్నవాణ్ణి, మా పెద్దమ్మ కూడా అప్పుడే లాంతరు దగ్గర అక్షరాలు దిద్దుకుంటా ఉండేది, పగలు నాట్లకి పోయి సాయంత్రం వచ్చి కూలి డబ్బులు చీర చెంగులో ముడేసుకుంటే తెల్లారేసరికి ఆ ముడి ఖాళీ, ఇది నేను కళ్ళారా చూసింది. కొత్త ఎక్సైజు సంవత్సరానికి పాటలు నెల్లూరులో పెట్టాలి, పెట్టిన చోటికల్లా ఆడవాళ్ళు వచ్చి అడ్డం కూర్చున్నారు, మా పెద్దమ్మ కూడా ఊళ్ళో వాళ్ళతో ట్రాక్టరు ఎక్కి పోయింది, సద్దిమూట కట్టుకుని. పాట వాయిదా, మళ్ళీ వాయిదా. పాట పాడేవాడు లేకపోతే దుకాణం ఎక్కడిది, ఆ కిటుకు వాళ్ళు పట్టుకున్నారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా ఆపారు, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా.

ఇంకో మాట, కందుకూరు అమ్మకి కూడా. మీ ఇళ్ళల్లో పాత ట్రంకు పెట్టెల్లో పాట కాగితాలు, కిస్తీ రసీదులు, అక్షర దీపం పుస్తకాలు ఏమన్నా ఉంటే పాత పేపర్లోళ్ళకి వేసేయకండి, ఫొటో తీసి మాకు పంపండి, పేరు వద్దంటే పేరు లేకుండానే వేస్తాం.