మొక్కలున్న అక్వేరియంలో చేపలు తెల్లారేసరికి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి, ఎందుకు?

రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ వాడేసుకుంటాయి కాబట్టి, తెల్లారేసరికి నీళ్లలో అది బాగా తగ్గిపోతుంది.

మొక్కలు ఆక్సిజన్ ఇచ్చేది లైటు ఉన్నంతసేపే. లైటు ఆర్పితే ఆ పని ఆగుతుంది, శ్వాస మాత్రం ఆగదు. చేపలు, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా, అడుగున కుళ్లే ఆకులు... అన్నిటికీ ఉన్నదాంట్లోనే వాటా. పైగా చెన్నై ఎండలు. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలిగితే, 32 డిగ్రీల దగ్గర 7.3కి మించి పట్టుకోలేవు. ఆ వేడిలోనే చేపలకు మరింత ఆక్సిజన్ కావాలి!

మే నెలలో, టీ.నగర్‌లో ఏసీ లేని హాల్లో రెండడుగుల ట్యాంకు ఉందనుకోండి. ఉదయం ఐదింటికి గప్పీ చేపలన్నీ పైనే ఉంటాయి, మొప్పలు గబగబా కొట్టుకుంటుంటాయి. లైటు వేసిన రెండు మూడు గంటలకు ఆకుల మీద సన్నని బుడగలు కనిపిస్తాయి, చేపలు కిందికి దిగుతాయి. అలా దిగితే సమస్య ఆక్సిజనే. రోజంతా పైనే ఉంటే మాత్రం నీళ్లలో అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం) ఉందేమో టెస్ట్ చేయాలి.

ఫిల్టర్ నీళ్లు పడే గొట్టాన్ని కాస్త పైకెత్తి, నీటి పైభాగం కదిలేలా పెడితే చాలావరకు సరిపోతుంది. మొక్కల కోసం పెట్టిన సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ ఉంటే లైటు ఆర్పడానికి గంట ముందే కట్టేయాలి.

"మొక్కలున్నాయిగా, ఎయిర్ పంప్ దండగ" అనుకుంటారు చాలామంది. పగలు నిజమే. రాత్రి మాత్రం మొక్కలు ఎంత గుబురుగా ఉంటే ఆక్సిజన్ అంత తొందరగా తరిగిపోతుంది.