హత్యకూ నరహత్యకూ తేడా తెలియట్లేదు... ప్రాసిక్యూటర్‌గా పనికొస్తానా?

ప్రశ్న: మూడేళ్ల ఎల్ఎల్‌బీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) కావాలన్నది లక్ష్యం. కానీ కల్పబుల్ హోమిసైడ్‌కూ మర్డర్‌కూ తేడా ఎన్నిసార్లు చదివినా తికమకగానే ఉంది. పైగా పాత శిక్షాస్మృతి ఐపీసీ సెక్షన్ నంబర్లు చదవాలో, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) నంబర్లు చదవాలో తెలియడం లేదు. ఇదే అర్థం కానప్పుడు క్రిమినల్ వైపు ఎందుకు, సివిల్‌కి మారమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మారొద్దు. మీరు తడబడుతున్న చోటే సెషన్స్ కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు ఒకదానితో ఒకటి విభేదించిన కేసు అప్పటి మన గుంటూరు జిల్లాలోనే ఉంది. గ్రామ కక్షల్లో ఒక వ్యక్తిని బలమైన కర్రలతో చితకబాదారు. దెబ్బలన్నీ చేతులు, కాళ్ల మీదే. అతను మర్నాడు చనిపోయాడు. సెషన్స్ కోర్టు హత్య అంది. ఆయువుపట్టు మీద దెబ్బ లేదు కాబట్టి హత్య కిందికి రాదని హైకోర్టు శిక్ష తగ్గించింది. సుప్రీంకోర్టు మళ్లీ హత్యగానే తేల్చింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ రాయవరపు పున్నయ్య పేరుతో 1976లో వచ్చిన ఆ తీర్పును దేశమంతా లా కాలేజీల్లో చదువుతారు. అనుభవమున్న జడ్జీలే ఏకాభిప్రాయానికి రాని చోట రెండో ఏడాది విద్యార్థికి సందేహం రావడం సహజం.

ఆ తీర్పు చెప్పిన మాటతోనే మొదలుపెట్టండి. కల్పబుల్ హోమిసైడ్, అంటే శిక్షార్హమైన నరహత్య, ఒక జాతి అనుకుంటే మర్డర్ అందులో ఒక రకం. ప్రతి హత్యా శిక్షార్హమైన నరహత్యే. ప్రతి శిక్షార్హమైన నరహత్యా హత్య కాదు. కాబట్టి కేసు చేతికి రాగానే ‘ఇది హత్యేనా’ అని అడగకండి. ముందు, మరణానికి కారణం నిందితుడు చేసిన పనేనా? తర్వాత, అది శిక్షార్హమైన నరహత్యను నిర్వచించే బీఎన్ఎస్ సెక్షన్ 100లోకి వస్తుందా? ఆపైన, హత్యను నిర్వచించే 101లో చెప్పిన తీవ్రత ఉందా? చివరగా, 101 కిందే ఉన్న అయిదు మినహాయింపుల్లో ఏదైనా వర్తిస్తుందా? ఈ వరస తప్పితే ఎంత తెలివైనవారైనా తికమకపడతారు.

అసలు చిక్కు రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య ఉంది. 100లో ‘ప్రాణం పోయే అవకాశం ఉన్న గాయం’ అంటారు. 101లో ‘ప్రకృతి సహజ క్రమంలో ప్రాణం తీయడానికి సరిపోయే గాయం’ అంటారు. చదవడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. 1876లో బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చిన గోవిందా కేసు చూడండి. భర్త భార్యను కింద పడేసి, ఛాతీ మీద మోకాలు పెట్టి, ముఖం మీద పిడికిలితో గుద్దాడు. మెదడులో రక్తస్రావమై ఆమె చనిపోయింది. ఆ దెబ్బలకు ప్రాణం పోవచ్చు గానీ మామూలుగా పోయి తీరుతుందని చెప్పలేమని, హత్య కిందికి రాని నరహత్యగా తేల్చారు. దీని పక్కన 1958 నాటి విర్సా సింగ్ కేసు పెట్టండి. కడుపులో ఒకే ఒక్క బల్లెం పోటు. చంపాలన్న ఉద్దేశం లేదని వాదించారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నిందితుడు ఆ గాయాన్ని కావాలనే చేశాడా అన్నంతవరకే అతని మనసును చూడాలి, ఆ గాయం చావుకు సరిపోతుందా అన్నది వైద్య సాక్ష్యం చూసి తేల్చాలి అంది. ఈ రెండు తీర్పులూ ఎదురెదురుగా పెట్టుకుని చదివితే గైడ్ పుస్తకంలోని పట్టిక అవసరం ఉండదు.

ఈ సన్నని గీత మీద ఒక మనిషి జీవితం ఆధారపడి ఉంటుంది. హత్య అని 103(1) కింద రుజువైతే మరణశిక్ష లేదా యావజ్జీవం, అంతకు తక్కువ లేదు. హత్య కిందికి రాని నరహత్యకు శిక్ష చెప్పే 105లో ఉద్దేశం ఉంటే యావజ్జీవం లేదా 5 నుంచి 10 ఏళ్లు, తెలిసి చేసిన పని మాత్రమే అయితే గరిష్ఠంగా 10 ఏళ్లు. అందుకే చాలా కేసుల్లో డిఫెన్స్ న్యాయవాది ‘మావాడు కొట్టలేదు’ అనడు. ‘కొట్టాడు, కానీ హఠాత్తుగా జరిగిన కొట్లాటలో’ అంటాడు. ఆ మినహాయింపును రుజువు చేసే భారం నిందితుడిదే. హఠాత్తుగా రెచ్చగొట్టడం అనే మరో మినహాయింపులో, ఆవేశం చల్లారేంత సమయం దొరికిందా అన్నది నానావతి కేసులో 1961లోనే సుప్రీంకోర్టు చర్చించింది.

ఇక మీ ఉద్యోగం సంగతి. ఏపీపీగా చేరిన తొలి ఏళ్లలో మీరు మర్డర్ కేసు నడపరు. ఏపీపీలు పనిచేసేది మేజిస్ట్రేట్ కోర్టుల్లో. హత్య కేసు విచారణ సెషన్స్ కోర్టులోనే జరుగుతుంది. అక్కడ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలంటే కనీసం ఏడేళ్ల ప్రాక్టీస్ ఉండాలి. మీ బల్ల మీదికి వచ్చే మరణాలు ఎక్కువగా 106(1) కింద ఉంటాయి. నిర్లక్ష్యం వల్ల మరణం, ముఖ్యంగా రోడ్డు ప్రమాదాలు. గరిష్ఠ శిక్ష 5 ఏళ్లు, వైద్యం చేస్తూ ఉండగా జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు 2 ఏళ్లు. విద్యార్థులు దీన్ని చిన్న సెక్షన్ అని వదిలేస్తారు, అది నాకు బాధ కలిగిస్తుంది. పోయిన మనిషి ఇంటివాళ్లకు అది చిన్నది కాదు. తాగి బండి నడిపిన కేసులో నిర్లక్ష్యం ఎక్కడ ఆగి, ‘జనం చస్తారని తెలిసీ’ అన్నది ఎక్కడ మొదలవుతుందో ఆలోచిస్తే మళ్లీ 105 దగ్గరికే వస్తారు. పెళ్లయిన 7 ఏళ్లలోపు జరిగే వరకట్న మరణానికి సెక్షన్ 80 వేరేగా ఉంది, దాన్నీ వదలకండి.

నంబర్ల విషయంలో రెండూ కావాలి. బీఎన్ఎస్ 2024 జులై 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు జరిగిన నేరాలు ఐపీసీ కిందే నడుస్తాయి. కాబట్టి 299, 300, 302, 304, 304ఏ అనే పాత నంబర్లు మీ కెరీర్‌లో ఇంకా చాలాకాలం వినిపిస్తాయి. పరీక్షకు కొత్తవి ముందు, పక్కన పాతవి రాసుకోండి.

ఇప్పటి నుంచే ఒక పని మొదలుపెట్టండి. సీనియర్ అనుమతితో ముగిసిన సెషన్స్ కేసుల్లో సాక్షి వాంగ్మూలాన్నీ, పోస్ట్‌మార్టం రిపోర్టునూ పక్కపక్కన పెట్టి చదవండి. మన సాక్షులు తెలుగులో చెబుతారు: నరికాడు, పొడిచాడు, మోదాడు, తోశాడు. ఒక్కో మాటకు ఒక్కో ఆయుధం, ఒక్కో గాయం ఉంటుంది. సాక్షి ‘నరికాడు’ అంటే డాక్టరు రిపోర్టులో మొద్దు వస్తువు గాయం కనిపిస్తే ఆ కేసు అక్కడే బలహీనపడుతుంది. తెలుగు పల్లె మాట బాగా తెలిసిన ప్రాసిక్యూటర్‌కు ఇది పెద్ద బలం. మీకు అది ఉంటే దాచుకోకండి.

ఈ వారానికి ఒక అభ్యాసం ఇస్తున్నాను. 1919లో మద్రాసు హైకోర్టుకు వచ్చిన పళని గౌండన్ కేసు. భర్త నాగలి కర్రుతో భార్య తల మీద కొట్టాడు, ఆమె స్పృహ తప్పింది. చనిపోయిందనుకుని, ఆత్మహత్యగా నమ్మించడానికి దూలానికి వేలాడదీశాడు. ఆమె ప్రాణం పోయింది ఆ ఉరితో. తీర్పు చూడకుండా ముందు ప్రాసిక్యూషన్ తరఫున ఒక పేజీ, డిఫెన్స్ తరఫున ఒక పేజీ రాయండి. తర్వాత తీర్పు తీసి, అదే కోర్టు 1943లో తవమణి కేసులో ఎందుకు భిన్నంగా ఆలోచించిందో చూడండి.