బుజ్జీ, ముందు డాబా ఎక్కు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో మీ కాలేజీకి చేయించే రిపేర్ల కమిటీకి నిన్ను కన్వీనర్‌ని చేశారని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. "బోటనీ పాఠాలు చెప్పుకునే పిల్లకి ఇసుక, సిమెంటు గోలెందుకక్కా" అని ఒకటే గొణుగుడు. అది అలాగే అంటుందిలే. నేను మాత్రం పక్కింటావిడ దగ్గర్నుంచి పాలబ్బాయి దాకా అందరికీ చెప్పుకున్నాను. చెప్పుకోవడం అయ్యి పడుకున్నాక టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే నువ్వు బొటనవేలు బొమ్మ ఒకటి కొట్టి ఊరుకుంటావు.

నీకు తెలిసినవి మళ్లీ చెప్పను. మూడు కొటేషన్లు తీసుకో. సీపీడీసీ (కాలేజీ అభివృద్ధి కమిటీ) డబ్బులైతే తీర్మానం మీద అందరి చేతా సంతకాలు పెట్టించు. పని మొదలయ్యే ముందే ప్రతి గదీ ఫోటో తీసి పెట్టుకో. కప్పడిపోయే పని ఏదైనా కప్పకముందే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిచేత కొలతలు తీయించి ఎం-బుక్‌లో, అదే కొలతల పుస్తకంలో, ఎక్కించు. తర్వాత గోడ పగలగొట్టి చూపించమంటే ఎవరూ చూపించరు.

ఇక అసలు సంగతి. ముందు డాబా ఎక్కు. రంగు డబ్బా మూత తీసేది చిట్టచివర. రంగుతో మొదలెడదామని పెయింటరు అంటాడు, కాంట్రాక్టరు అంటాడు, మీ ప్రిన్సిపాల్ గారు కూడా అంటారేమో. రంగైతే వచ్చిపోయే వాళ్ల కంట పడుతుంది. డాబా బాగుచేయిస్తే ఫోటో తీసుకోవడానికి కూడా ఏమీ ఉండదు.

నేను పనిచేసిన కాలేజీల్లో ఒకచోట (పేరెందుకులే) కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు వస్తారన్న ఏడాది జరిగింది చెబుతాను. నిధులు వచ్చిందే ఫిబ్రవరి చివర్లో. మార్చి 31 లోపల ఖర్చు చూపించకపోతే వెనక్కి పోతాయి. చకచకా బిల్లయ్యే పని ఏది? రంగు. ఒక పక్క పరీక్షలు జరుగుతుండగానే గోడలకి మీగడ రంగు వేసి, కింద మెరూన్ పట్టీ కొట్టించారు. కాలేజీ పెళ్లివారిల్లులా తయారైంది. డాబా పని మే ఆఖరుకి గానీ మొదలుకాలేదు. పాత గచ్చు తవ్వాలంటే కూలి, ఆ తవ్విన పెచ్చుల రద్దు ఎత్తాలంటే ట్రాక్టరు, రెండూ దండగని పాతదాని మీదే మూడంగుళాలు కొత్త కాంక్రీటు పరిచారు. పైన నున్నగా మెత్తారు కూడా. పిట్టగోడ అడుగున నీళ్లు పోయే తూములు మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోయాయి. నాలుగంగుళాల తూములో మూడంగుళాలు కొత్త గచ్చు కింద మూసుకుపోయింది. మిగిలిన సందులో అరచెయ్యి పడుకోబెడితే దూరుతుంది, పిడికిలి దూరదు.

ఆ డాబా మీదికి వాలి ఒక వేపచెట్టు ఉండేది. జూన్ రెండో వారం, శనివారం రాత్రి, గాలివాన. ఆకు, పుల్ల, వేపపండు అన్నీ కొట్టుకొచ్చి ఆ సందుల్లో బిరడా పడ్డాయి. ఆదివారం సెలవు, పైకెక్కి చూసే దిక్కు లేదు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద నాలుగంగుళాల నీళ్లు నిలిస్తే బరువెంతో లెక్కేశావా ఎప్పుడైనా? తొమ్మిది టన్నుల పైమాటే. నిలిచిన నీళ్లు నెర్రె వెతుక్కుంటూ ఫ్యాన్ల కోసం శ్లాబులో వేసిన వైరు పైపుల్లోకి దిగాయి. అక్కణ్నుంచి కొక్కేల దగ్గర ధారకట్టి లైబ్రరీలో పడ్డాయి. సోమవారం తలుపు తీసేసరికి నేలంతా పాదం తడిసేంత నీళ్లు. లైటు వేయబోయిన అటెండరుకి స్విచ్చి దగ్గర షాక్ కొట్టింది. వెనక్కి పడి మోచెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది.

ఫ్యాన్ల కింద వరసలోనే 'భారతి' పాత సంపుటాలుండేవి, 1924లో మొదలైన పత్రిక. ఎర్ర క్యాలికో గుడ్డ అట్టలు. ఆ ఎరుపు దిగి పేజీల అంచుల్లోకి పాకింది. మామూలు కాగితమైతే నెమ్మదిగా విడదీసి, మధ్య మధ్య న్యూస్‌పేపరు పెట్టి ఫ్యాను గాలికి ఆరబెడితే చాలామటుకు నిలుస్తుంది. బొమ్మలు అచ్చేసే నున్నటి ఆర్ట్ పేపరు అలా కాదు. ఒకదాని మీద ఒకటి అలాగే ఆరిపోతే అతుక్కుని గట్టి అట్టయిపోతుంది, ఇక ఎవడి తరమూ కాదు. వరండా పొడుగునా తాళ్లు కట్టి ఆరేశాం. రెండో రోజుకే బూజు వాసన. లైబ్రరీ పుస్తకాలన్నీ ఎక్కించే యాక్సెషన్ రిజిస్టరు సిరాతో రాసింది కదా, ముందు పేజీలు నీలంగా అలుక్కుపోయాయి. ఏది పోయిందో తేల్చడానికి ఉన్న ఆధారమే అది. ఆ తర్వాత ఎవరైనా పాత సంచికలు కావాలని వస్తే వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లమని చెప్పేదాన్ని. 1918లో ఊరివాళ్లు పెట్టుకున్న లైబ్రరీ అది. వాళ్లు దాచగలిగారు!

మీగడ రంగు సంగతి చెప్పలేదు కదూ. పొక్కులు లేచి, పొలుసులు రాలింది. న్యాక్ వాళ్లు వచ్చే ముందు మళ్లీ వేయించారు, మళ్లీ బిల్లు.

అందుకని, పాత గచ్చు తీయించు. రద్దు శ్లాబు మీద గుట్టపోయకుండా ఎప్పటికప్పుడు దింపించు. వాలు పదడుగులకి అంగుళం పైగా ఉండాలి. తూము నోరు గచ్చు కంటే కిందికి ఉండాలి, దానికో జాలీ ఉండాలి, వేపకొమ్మ ఉంటే కొట్టించాలి. కెమికల్ కోటింగ్ కంపెనీ కుర్రాడు ఒకడు టై కట్టుకుని వచ్చి పదేళ్లు గ్యారంటీ అంటాడు. వేయించు, తప్పులేదు. కానీ వాలు లేని డాబాకి వాలు తెచ్చే డబ్బా ఇంకా ఎవరూ తయారుచేయలేదని వాడికి చెప్పు.

అంతా అయ్యాక నీళ్లు నిలబెట్టి చూడకుండా ఫైనల్ బిల్లు మీద సంతకం పెట్టకు. తూములు మూసి, రెండంగుళాల నీళ్లు పెట్టి, కనీసం రెండు రోజులు ఉంచాలి. మరీ పాత బిల్డింగైతే ఆ బరువు ఓర్చుతుందా అని ఏఈ గారిని ముందే అడుగు. పిట్టగోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీయి. మట్టం తగ్గితే, "ఎండకి ఆవిరైపోయింది మేడమ్" అంటాడు మేస్త్రీ. మేలో అది కొంత నిజమే. అందుకని పక్కనే వెడల్పాటి తొట్టిలో నీళ్లు పోసి, అందులోనూ గీత పెట్టు. తొట్టిలో తగ్గిన దానికంటే డాబా మీద ఎక్కువ తగ్గితే నీళ్లు ఎటో దిగుతున్నట్టే. కింద గదుల్లో ఫ్యాను కొక్కేల దగ్గర టార్చి వేసి చూడు. జూన్ వానలకి నిలిస్తే చాలనుకోకు, మన కోస్తాకి అసలు పరీక్ష అక్టోబరు, నవంబరు తుపాన్లు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, కొత్త కాంక్రీటు పగలదా? ఆ ఎండల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో చిలకరిస్తే క్యూరింగ్ కాదు. గోనెసంచులు పరిచి, మడులు కట్టి, పది రోజులు తడి ఆరకుండా చూడాలి. ఇప్పుడొచ్చే పీపీసీ (ఫ్లై యాష్ కలిసిన) సిమెంటుకి రెండు వారాలైతే ఇంకా మంచిది. అంటే మే పదిహేనుకల్లా డాబా పని అయిపోవాలి. క్యాలెండరు మీద వెనక నుంచి లెక్కేసుకో.

మీది సముద్రం దగ్గర ఊరు. శ్లాబు పెచ్చులూడి కడ్డీలు బయటపడిన గదులుంటాయి, చూడు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని తోసేస్తుంది. దాని మీద సిమెంటు పూసి రంగేస్తే మళ్లీ ఊడుతుంది, ఈసారి కింద పిల్లలుంటారు. కర్రతో తట్టి డొల్ల మోగినంత మేరా కొట్టించి, కడ్డీ మెరిసేదాకా వైరు బ్రష్షుతో గీకించి, తుప్పు మందు పూశాకే అతుకు వేయాలి. కడ్డీ సగానికి సగం తినేసి ఉంటే అతుకులు కాదు, ఆ గదికి తాళం వేయించి ఇంజనీరుకి రాతపూర్వకంగా రాయి. ఎవరేమన్నా సరే.

కరెంటు విషయంలో ఒక్క మాట: ప్రతి బ్లాకుకీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి. ఆ అటెండరు మొహం నాకింకా గుర్తుంది.

ఆడపిల్లల టాయిలెట్లకి టైల్స్ ఏ రంగైనా ఫరవాలేదు. గడియ పడాలి. లోపల కొక్కెం ఉండాలి, బ్యాగు, చున్నీ నేల మీద పెట్టుకోలేరు. మూత ఉన్న చెత్తడబ్బా, సాయంత్రం దాకా నీళ్లు, లైటు. ఇవి లేకే సాయంత్రం బస్సు ఎక్కేదాకా మంచినీళ్లు ముట్టని పిల్లల్ని ఎంతమందిని చూశానో. ర్యాంపు కట్టిస్తే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడుగు ఉండాలి. ఫోటో కోసం కట్టే నిటారు ర్యాంపు వీల్‌చెయిర్లో ఉన్నవాళ్లని వెనక్కి పడేస్తుంది.

ఇది చదివి విసుక్కోకు. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపనివ్వకు. మిషను బండి వస్తుంది, పిలిపించు. జాగ్రత్తలు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. జాగ్రత్తలు ఉన్నాయన్నా వద్దనేది నా మాట. చాలాకాలం మూసి ఉంచిన సంపు కూడా అంతే, పైకి మంచినీళ్లే, లోపల గాలి ఉండదు. ఒకడు పడితే తీయబోయి ఇంకొకడు పోతాడు. సంపు మూతకి తాళం వేయించి తాళంచెవి నీ దగ్గర పెట్టుకో. కూలీలు పిల్లల్ని వెంట తెచ్చుకుంటారు, ఎక్కడ వదిలి వస్తారు పాపం? ఆ పిల్లలకి నీడున్న గది ఒకటి తెరిచిపెట్టు. పని పొద్దున ఆరింటికి మొదలెట్టించి పదకొండుకి ఆపించు, మళ్లీ నాలుగింటికి. మజ్జిగ కుండ కమిటీ ఖర్చులో రాయి, ఎవరైనా అభ్యంతరం చెబితే నేను పంపిస్తాను డబ్బులు.

నువ్వు కూడా గొడుగు లేకుండా ఎండలో నిలబడకు. చిన్నప్పుడు వేసవి సెలవులకి వచ్చి, మిట్టమధ్యాహ్నం మామిడి చెట్టెక్కి, ముక్కులోంచి రక్తం కారుతుంటే పైట కొంగుతో తుడిచింది నేను. లెక్చరరువైతే మాత్రం అదే ముక్కు కదా.

నీళ్లు నిలబెట్టే రోజు ఏదో వారం ముందు చెబితే బస్సుకి వస్తాను, మీ అమ్మకి ఆవకాయ జాడీ కూడా ఇచ్చినట్టుంటుంది. నేను పైకెక్కి ఆ తూములు చూడాలి. డాబా మెట్లకి రెయిలింగు ఉందా? లేకపోతే దాన్నీ ఎస్టిమేటులో చేర్పించు, నా మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా.

పెద్దమ్మ