ఆ స్టేజీ సీను తీసెయ్ అమ్మలూ

అమ్మలూ,

నీ నవల మొత్తం చదివాను. నత్తి ఉన్న ఇంటర్ పిల్ల, గుంటూరులో ఇల్లు, బెజవాడలో హాస్టల్, ఎప్పుడూ కోప్పడే నాన్న. సరుకుంది. కానీ చివర్లో ఆ పిల్ల స్టేజీ ఎక్కి గడగడా మాట్లాడటం, హాలంతా చప్పట్లు, అది మాత్రం వద్దు. నత్తి పోతేనే గెలిచినట్టయితే ఇక తనను తాను ఒప్పుకున్నదెక్కడ?

నత్తి ఉన్నవాళ్ళు పాట పాడేటప్పుడు, నలుగురితో కలిసి చదివేటప్పుడు మామూలుగా తడబడరు, సొంత పేరు చెప్పమంటేనే చాలామందికి గొంతు పట్టేస్తుంది. అందుకే కష్టమైన మాట రాబోతోందని తెలియగానే ఇంకో మాట వేసేస్తుంటారు. ఇది వాడుకో. సిటీ బస్సులో కండక్టర్ ఎక్కడికమ్మా అంటే (ఆడవాళ్ళకి ఉచితమే అయినా జీరో టికెట్‌కి దిగే చోటు చెప్పాలిగా) బెంజి సర్కిల్ అనలేక పటమట అని చెప్పి, ముందే బెంజి సర్కిల్‌లో దిగిపోయే పిల్లని చూపించు. చివరికి అదే పిల్ల, వెనక జనం తోస్తున్నా, కండక్టర్ విసుక్కుంటున్నా, ఎంతసేపు పట్టినా బెంజి సర్కిల్ అనే చెప్తే నాకు చాలు. అన్నట్టు ప్రతి డైలాగులో 'నా.. నా.. నా' అని రాయకు, చిరాకేస్తుంది. రెండు మూడు చోట్ల చాలు.

ఇక నాన్న. నీ పుస్తకంలో ఆయన తిట్టడానికే గుమ్మంలోకి వస్తాడు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తా అన్నావు, మళ్ళీ ఆ ఊసే లేదు! సీజన్లో ఆయన ఇంట్లో అడుగుపెడితే బట్టల ఘాటుకే అందరూ తుమ్మాలి. రేటు పడిపోతే రైతులు అమ్మకుండా టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెడతారు, కొట్లో బేరాలుండవు, సరిగ్గా అప్పుడే ఫీజు కట్టమని ఫోను. అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయని కూతురికి చెప్పలేక మార్కుల మీద అరుస్తాడు. ఆయనా మాట తప్పించేవాడే కదా! ఈ సంగతి నువ్వు రాసి చెప్పకు, పిల్లనే గమనించనీ. ఆ 'సారీ తల్లీ' సీను కూడా కొట్టెయ్, ఏ గుంటూరు నాన్న అంటాడే అలాగ?

ర్యాంకు ఎంతొచ్చిందో చెప్పకపోయినా ఫర్వాలేదు.

జనవరిలో పుస్తకాల పండక్కి బెజవాడ వస్తావుగా, మార్చిన చాప్టర్లు ప్రింట్ తీసి పట్రా, ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కాదు.

పెద్దనాన్న